మూడు గోనెల మోటారు సైకిలు

వసిష్ఠ గోదావరి సముద్రమున గలియుటకు కొంచెము ముందుగా ఎడమ గట్టున సఖినేటిపల్లి, కుడి గట్టున నరసాపురము ఎదురెదురుగా నున్నవి. నడుమ విశాలమైన రేవు. మనుష్యులు, సైకిళ్లు, కొబ్బరికాయల బస్తాలు, మోటారు బండ్లు పంటుమీద ఒక దరినుండి మఱియొక దరికి దాటుచుండును. దిగువను అంతర్వేది, దానిని దాటినచో సముద్రమే. అందుచేత ఇచటి గాలిలో ఎప్పుడును ఉప్పు కలసియే యుండును. ఆ గాలికి ఇనుము ఓర్చుకొనలేదు. కిటికీ చువ్వ గాని, బావి గిలక గాని, తలుపు గడియ గాని కొన్ని యేండ్లకే పొరలు పొరలుగా రాలిపోవును. కోనసీమ గృహస్థులు కొబ్బరిచెట్టును నమ్మినట్లు ఇనుమును నమ్మరు.

అట్టి గ్రామములో ఎనుబది యేండ్లనాటి సైనికుల మోటారు సైకిలు ఒకటి మిగిలియుండెను. మిగిలినదన్న మాటయే గాని, 2022వ సంవత్సరమున చూచినవారికి అది బండివలె కనబడలేదు. కొబ్బరికాయలు పోసికొను కొట్టులో ఒక మూల మూడు గోనె సంచులు, వాని ప్రక్కను గోడకు చేరవేసిన ఇనుప చట్రము, అందు బిగిసియున్న తుప్పుపట్టిన ఇంజను, రెండు చక్రములు, ఒక టాంకు. అంతే.

ఆ బండి పేరు బి.ఎస్.ఏ. ఎం.20. ఇంగ్లండులోని బర్మింగుహాము నగరమున తుపాకులు చేయు పనివారు కొందరు కలసి 1861లో స్థాపించిన సంస్థ అది. వారు తుపాకులతో మొదలిడి సైకిళ్లు చేసిరి. పిమ్మట మోటారు సైకిళ్లు చేసిరి. ఒండొంటికి చేరవేసి నిలిపిన మూడు తుపాకులు వారి ముద్ర. ఆ పేరుగల సైకిళ్లు మన దేశపు వీధులలోను తిరిగినవే. ఎం.20 అను నమూనా 1937లో వెలువడెను. రెండవ ప్రపంచయుద్ధ కాలమున అట్టి బండ్లు 1,26,000 వరకు సైన్యముకొరకు తయారైనవి. 1940 నవంబరులో శత్రు విమానములు ఆ కర్మాగారముపై బాంబులు కురిపింపగా, రాత్రి పనిలోనున్న 50 మందికి పైగా పనివారు మరణించిరి. యుద్ధమును గెలిచిన ఆ సంస్థ వ్యాపారమున నిలువలేక 1973 నాటికి అంతరించెను. దాని పేరును 2016లో మన దేశపు మహీంద్రావారి అనుబంధ సంస్థ కొనెను. కాలము చేయు వింతలలో నిది యొకటి.

ఈ బండి వేగమైనది కాదు. ఒకే సిలిండరు, 496 ఘన సెంటీమీటర్లు, సుమారు 13 గుఱ్ఱముల బలము, 160 కిలోలకు పైబడిన బరువు. నేడు మన వీధులలో తిరుగు 125 ఘన సెంటీమీటర్ల చిన్న బండికిని దీనికంటె మిక్కిలి తక్కువ బలము లేదు. అయినను సైన్యము దీనిని కోరుటకు కారణమున్నది. దీని వాల్వులు సిలిండరు ప్రక్కను నిలిచియుండును. పైన ఒక లోహపు మూత తప్ప మఱేమియు లేదు. మూత విప్పిన వెంటనే పిస్టను, వాల్వులు అన్నియు కంటికి కనబడును. లోపలి ఒత్తిడి తక్కువ గనుక నాసిరకపు పెట్రోలుతోను నడచును. చెట్టు క్రింద కూర్చుండి నాలుగు పానాలతో బాగుచేసికొనదగిన యంత్రమిది. తంతి తెగినచోటికి, రేడియో పలుకనిచోటికి కాగితమును సంచిలో నుంచుకొని పోవు వార్తాహరునకు వేగముకంటె చేరుట ముఖ్యము గదా!

ఆ యుద్ధమున భారత సైన్యమున 25 లక్షలమంది పనిచేసిరి. 1942 ఏప్రిలు 6వ తేదీన జపానువారి విమానములు విశాఖపట్టణము మీదను, కాకినాడ మీదను బాంబులు వేసినపుడు యుద్ధము మన తీరమునకును వచ్చినది. 1945లో యుద్ధము ముగిసిన పిమ్మట సైన్యమున కక్కరలేని లారీలు, జీపులు, గుడారములు, మోటారు సైకిళ్లు అమ్మకమునకు వచ్చెను. జనులు వానిని డిస్పోజల్సు సరకు అనెడివారు. సఖినేటిపల్లి కొబ్బరి వర్తకుడొకడు 1947లో మద్రాసులో ఈ బండిని కొని, రైలుమీద నరసాపురము వరకు తెచ్చి, రెండు పడవలను జతగా కట్టించి వానిపై నిలిపి నది దాటించెను. ఆనాటికి ఆయన కుమారునకు ఐదేండ్లు. టాంకుమీద తువ్వాలు మడిచివేసి, దానిపై బాలుని కూర్చుండబెట్టుకొని ఆయన అంతర్వేది తీర్థమునకు పోయెడివాడు. ఆ బాలుడే నేడు ఆ యింటి పెద్ద.

1970 ప్రాంతమునకు విడిభాగములు దొరకక బండి నిలిచిపోయెను. దానిని లంకతోటలోని పాకలో పెట్టిరి. 1986 ఆగస్టులో గోదావరికి మహా వరద వచ్చెను. ధవళేశ్వరమువద్ద 35 లక్షల క్యూసెక్కుల నీరు పారెను. అంతటి ప్రవాహము అంతకుముందు లెక్కలలో లేదు. గట్టునకు లోపలనున్న లంకలు మునిగెను. ఐదు దినములు బండి నీటిలోనే యుండెను. నీరు తీసిన తరువాత ఎడ్లబండిపై దానిని ఇంటికి చేర్చిరి గాని, లోపల చేరిన నీటిని తీయవలెనని ఎవరికిని తోచలేదు. మనుష్యులకే తావు లేని దినములవి. బండి సంగతి ఎవరికి పట్టును?

2020లో మహమ్మారి కారణమున విద్యాలయములు మూతపడినపుడు, పాలిటెక్నికులో చదువుచున్న మనుమడు ఇల్లు చేరెను. పని లేని చేతులకు బండి కనబడెను. దానిని విప్పి, తోమి, రంగువేసి మరల నడిపింతునని అతడు ఉత్సాహపడెను. తాత వలదనలేదు. మూడు దినములలో బండి మూడు గోనెలైనది. ఊడిన దానినెల్ల అతడు సంచిలో వేసెను. చేతిఫోనుతో ఛాయాచిత్రములు తీసెను గాని, ఆ ఫోను నెల తిరుగకుండనే నూతిలో పడెను. ఇంజను సిలిండరు మాత్రము కదలలేదు. సుత్తితో కొట్టగా చల్లదనముకొరకు దానిచుట్టునున్న రెక్కలలో రెండు విరిగిపోయెను. ఆ విరుగుడుతో అతని ఉత్సాహము కూడ విరిగెను.

పాత యంత్రములు తుప్పుచేతనే చచ్చునని లోకమందురు. అది పూర్తిగా నిజము కాదు. తుప్పు నెమ్మదిగా తినును. నలుబదియేండ్లకును కొంత మిగుల్చును. గుర్తులు లేక విప్పిన చేయి మూడు దినములలోనే పని ముగించును. ఆ యింటి ముసలివాడు ఒక్కసారి మాత్రము, “ఎప్పుడు నిలబెడతావురా?” అని యడిగెను. మనుమడు తల వంచుకొనెను. ఆ తరువాత ఆయన అడుగలేదు. పాత ఇనుము వర్తకుడొకడు వచ్చి సంచులను కాలితో తట్టి చూచి కిలో లెక్కన బేరమాడెను. వేరొకడు చట్రము మీది అంకెలు చాలునని, తక్కినది తనకక్కరలేదని చెప్పెను. ముసలివాడు ఇద్దరికిని మజ్జిగ ఇచ్చి పంపెను.

రెండేండ్లు గడచెను. అంతట నరసాపురమునుండి మేస్త్రీ వచ్చెను. ఆయన ఏబదియేండ్లుగా బియ్యపు మిల్లుల ఆయిలింజన్లను, పాత మోటారు సైకిళ్లను బాగుచేయువాడు. ఉదయము తొలి పంటుమీద వచ్చి, సాయంకాలము తిరిగి పోయెడివాడు. మొదటి దినమున ఆయన సంచులలో చేయి పెట్టనేలేదు. చట్రముచుట్టు రెండుసార్లు తిరిగి, గోడకానుకొని కూర్చుండి,

“బాబుగారూ, ముందు దీన్ని నిలబెట్టాలండి. నిలబెట్టాక విప్పుదాం” అనెను.

మనుమడు ఆశ్చర్యపడి, “విప్పేసే ఉంది కదండీ మేస్త్రీగారూ! మళ్లీ కట్టి, మళ్లీ విప్పడమెందుకండీ?” అని యడిగెను.

“విప్పింది విప్పినట్టు కాదు బాబూ, చెల్లాచెదరైంది. ఏముందో ఏం లేదో నిలబెడితేగాని తెలియదు. సంచిలో ఉన్నప్పుడు అన్నీ ఉన్నట్టే ఉంటాయి.”

ఆ మాటలోని సత్యము ఎనిమిది దినములలో తెలియవచ్చెను. కొట్టులోని నేలపై పాత దుప్పటి పరచి మూడు సంచులను ఒకదాని తరువాత ఒకటి క్రుమ్మరించిరి. వానిని జాతులుగా వేరుపరచుటకే రెండు దినములు పట్టెను. పిదప మేస్త్రీ తన పానాల మూట విప్పెను. ఆ పానాలు నేడు దుకాణములలో దొరకునవి కావు. నేటి పానామీది అంకె నట్టు వెడల్పును మిల్లీమీటర్లలో తెలుపును. ఆనాటి ఇంగ్లీషు పానామీది అంకె బోల్టు కాడ మందమును అంగుళపు పాళ్లలో తెలుపును. ఒకదానికి మఱియొకటి ఇంచుమించుగా పట్టును. ఆ ఇంచుమించే ప్రమాదము. కొంచెము వదులైన పానాతో బలముగా త్రిప్పినచో నట్టు మూలలు అరిగి గుండ్రనగును. మనుమడు పాడుచేసిన నట్టులన్నియు అట్టివే. మరల పేటు కూడ వేరు. అంగుళమునకు ఎన్ని చుట్లు, ఏ కోణమున అనునది సరిపడకున్నచో కొత్త నట్టు రెండు చుట్లు తిరిగి, మూడవ చుట్టున పాత బోల్టును కోసివేయును. ఇంతేగాక ఇట్టి యంత్రములలో కొన్ని నట్టులు ఎడమవైపునకు బిగియును. తిరుగు ఇరుసు వానిని తనంత తాను వదులు చేయకుండుటకై అట్లు చేసిరి. తెలియనివాడు వదులు చేయుచున్నాననుకొని బిగించును.

బండి నిలిచెను. నిలిచెననగా, పనికివచ్చు రీతిగా కాదు. బోల్టులు వ్రేళ్లతో మాత్రమే త్రిప్పి తగిలించినవి. అప్పుడు లోపములు ఊడిన పండ్లవలె కనబడసాగెను. మేస్త్రీ చెప్పుచుండగా మనుమడు నోటు పుస్తకమున వ్రాసికొనెను. ముందు ఫోర్కు కీళ్లలో నుండవలసిన బిళ్లలు నాలుగు లేవు. ఒక చక్రమును దాని ఇరుసుకు కట్టియుంచు కీ లేదు. అది అర్ధచంద్రాకారమున, చిటికెనవ్రేలి గోరంత యుండు ఉక్కు ముక్క. అది లేనిచో ఇరుసు ఒకచో తిరుగును, చక్రము వేరొకచో నిలుచును. ఇంజను బలమంతయు వ్యర్థము. ఇట్లు ముప్పదికి పైగా పేర్లు పుస్తకమున కెక్కెను. ఇంగ్లండు నుండి తెప్పింపవచ్చును గాని, వెలకంటె పంపుడు కూలియే ఎక్కువ.

మేస్త్రీ ఆ పట్టికను బిగ్గరగా చదువుచుండగా వసారాలో కూర్చున్న వృద్ధుడు లేచి లోపలికి పోయెను. కొంతసేపటికి ఒక పాత బిస్కత్తుల డబ్బాతో తిరిగివచ్చి దుప్పటిమీద దానిని పెట్టెను. మూత తీయగా కొబ్బరినూనె వాసన వచ్చెను. అందు బిళ్లలు, పిన్నులు, చిన్న స్ప్రింగులు, నూనె గుడ్డలో చుట్టిన అర్ధచంద్రపు కీ యున్నవి. రెండేండ్లక్రితము మనుమడు విప్పిన మూడు సాయంకాలములందును ఆయన కొట్టును స్వయముగా ఊడ్చెను. ఊడ్చిన చెత్తను జల్లెడ పట్టెను. దొరికిన దానిని తుడిచి డబ్బాలో వేసి, ఏటేట నూనె మార్చుచుండెను.

“నాకు చెప్పలేదేమండీ తాతగారూ?” అని మనుమడు గొంతు తగ్గించి యడిగెను.

“నువ్వు అడగలేదు కదురా” అని వృద్ధుడు బదులు చెప్పెను. ఆ మాటలో కోపము లేదు. అయినను బాలుడు పుస్తకము మూసి, కొంతసేపు రేవువైపు నడచి వచ్చెను. డబ్బాలో దొరకనివి తుదకు ఆరు మాత్రమే తేలెను.

అటుపిమ్మట అసలైన విప్పుట మొదలైనది. ఈసారి సంచులు లేవు. ఆ యింట కొరతలేని వస్తువు కొబ్బరి చిప్ప. నూరు చిప్పలు కడిగి ఎండబెట్టి, ఒక్కొక్కదానిపై సున్నముతో అంకె వేసిరి. పుస్తకమునను అదే అంకె, దానికెదురుగా భాగము పేరు, ఏ దిక్కు, ఏ వరుస. చిప్పలో పట్టని వానిని సన్నని తీగెకు గ్రుచ్చిరి. బిళ్లలు ఏ క్రమమున ఇరుసుపై నుండెనో ఆ క్రమముననే పూసలవలె తీగెకెక్కెను. బోల్టును తీసిన వెంటనే, అది పట్టియున్న భాగము వేరైన పిమ్మట, మరల దాని రంధ్రమునకే తగిలించి నట్టు త్రిప్పిరి. బోల్టుకు తన యిల్లు కంటె మంచి పెట్టె లేదని మేస్త్రీ వాడుక.

ముందు ఫోర్కు విప్పుట చూడదగిన పని. నేటి బండ్లవలె నూనె గొట్టములు కావవి. నాలుగు పలకలతో కీలించిన రెండు ఉక్కు కాళ్లు. నడుమ నొక లావైన స్ప్రింగు. కీళ్ల ప్రక్కన అంచు గరుకుగా చెక్కిన బిళ్లలుండును. వానిని బొటనవ్రేలితో త్రిప్పి చూచి కీలు ఎంత వదులో చెప్పవచ్చును. కొలమానము లేని యుద్ధభూమిలో వార్తాహరుని బొటనవ్రేలే కొలమానము. డబ్బాలో దొరికిన నాలుగు బిళ్లలు ఇవియే. తాత వానిని చేతబట్టి, తన చిన్ననాట తండ్రి ప్రతి యుదయమును వీనిని త్రిప్పి చూచి గాని బండి నెక్కెడివాడు కాదని చెప్పెను. అప్పటివరకు ఆయనకు అది తండ్రి అలవాటని మాత్రమే తెలియును. అది సైన్యపు నియమమని మేస్త్రీ తెలిపెను.

గేరుబాక్సు మూత తీయగా నూనె రాలేదు; బూడిదరంగు మట్టి గడ్డగా నూడిపడెను. మనుమడు దానిని చెత్తలో వేయబోగా తాత చేయి పట్టెను. చిటికెడు తీసి వ్రేళ్లనడుమ నలిపెను. ఇసుక లేని, వెన్నవంటి మెత్తని ఒండ్రు. “ఎనభయ్యారు” అని ఆయన మెల్లగా అనెను. ఆ సంవత్సరము లంకలోని పాకయు, రెండు పాడి గేదెలును పోయినవి. ఆ మట్టి మాత్రము ముప్పదియారేండ్లు ఇనుప పెట్టెలో దాగియుండెను. పండ్ల చక్రములను కిరసనాయిలులో కడుగగా, మట్టి కప్పిన మేర మెరుగు చెడక యుండెను. గాలి తగిలిన మేరయే తుప్పుపట్టెను. గాలి చొరని యొండ్రు ఇనుమును కాపాడినది.

తుప్పు సంగతి కొంత చెప్పవలెను. ఇనుము, నీరు, గాలి మూడును కూడినపుడు తుప్పు పుట్టును. ఉప్పు దానిని త్వరపెట్టును. తుప్పు తాను తినిన ఇనుముకంటె రెండింతలకు పైగా చోటు ఆక్రమించును. అందుచేతనే తుప్పుపట్టిన నట్టు బిగిసిపోవును. దానిని పట్టియున్నది బలము కాదు, ఇరుకు. అట్టిచోట సుత్తి పనికిరాదు. వేడిచేసినచో నట్టు కొంచెము విరియును. చల్లారునపుడు ఆ సందులోనికి నూనె చొరబడును. వేడి, నూనె, విశ్రాంతి. మరల వేడి, నూనె, విశ్రాంతి. పనియంతయు ఆ విశ్రాంతిలోనే యున్నది. విడి ఇనుప ముక్కలకు మేస్త్రీ వేరొక వైద్యము చేసెను. బెల్లపు మడ్డి ఒక పాలు, నీరు తొమ్మిది పాళ్లు కలిపి తొట్టిలో పోసి, ముక్కలను రెండు వారములు నానవేసెను. మడ్డి నీరు తుప్పును మెల్లగా కరగించును. మంచి ఇనుమును అంతగా అంటదు. అల్యూమినియము ముక్కలను మాత్రము అందు వేయరాదు, అవి చెడును. తొట్టినుండి తీసిన వెంటనే కడిగి, ఆరబెట్టి, నూనె రాయవలెను. కోనసీమ గాలికి ఒక్క రాత్రి విడిచినచో మరునాటికి మరల ఎఱ్ఱబడును. ఆ తొట్టి వాసనకు ఇరుగుపొరుగువారు ముక్కు మూసికొనిరి. చీమలు మాత్రము సంతోషించెను.

అన్నిటికంటె కష్టమైనది పిస్టను. అది అల్యూమినియముది, చుట్టు సిలిండరు పోత ఇనుముది. రెండు వేరు లోహములు ఉప్పుతేమలో ఒకదానినొకటి తాకియున్నచో అది చిన్న విద్యుద్ఘటమగును. ఆ విద్యుత్తు అల్యూమినియమును తెల్లని పొడిగా మార్చును. ఆ పొడి పిస్టనును సిలిండరుకు అతికించెను. మేస్త్రీ మూతబోల్టులను ఒకేసారి తీయక, ఎదురెదురుగా తలా పావుచుట్టు వదులు చేయుచు వచ్చెను. లేనియెడల మూత వంగును. మూత తీసిన పిదప పిస్టనుపై డీజిలు, ఇంజనునూనె కలిపి పోసి, గుడ్డ కప్పి విడిచెను. ప్రతిదినమును వచ్చి చూచును, నూనె తగ్గలేదు. మనుమడు రెండుసార్లు సుత్తివైపు చూచెను. మేస్త్రీ సుత్తిని తీసి తన మూటలో కట్టుకొని నది దాటించుకొని పోయెను. ఎనిమిదవ దినమున నూనె వ్రేలి మందము దిగెను. తొమ్మిదవ దినమున వేడినీటిలో ముంచిన గుడ్డలు సిలిండరుకు చుట్టి, పిస్టనుపై తుమ్మ చెక్క నుంచి అరచేతితో తట్టగా, గడియ తీసినట్టి చిన్న చప్పుడయ్యెను. వెండ్రుకవాసి కదలిక. వృద్ధుడు కుర్చీనుండి లేచి నిలిచెను. ఆనాటి సాయంకాలమునకు సిలిండరు వెలుపలికి వచ్చెను. దాని గోడలపై స్ఫోటకపు మచ్చలవంటి గుంటలున్నవి. దానిని తొలిపించి పెద్ద పిస్టను వేయవలెను. విరిగిన రెక్కలు రెండును డబ్బాలోనే యున్నవి. వానిని పోతలో అతుకవచ్చును.

ఇక రంగు. ఇంటివారు ఎరిగిన కాలమంతయు టాంకు నల్లనిదే. మనుమనికి దానిని గీకించి ఎఱ్ఱరంగు వేయవలెనని కోరిక. మేస్త్రీ ఒప్పుకొనక, టాంకుమీద అరచేయంత చోటు నీటికాగితముతో మెల్లగా రుద్దెను. నలుపు క్రింద ఆలివు పచ్చ, దాని క్రింద గోధుమరంగు, దాని క్రింద వేరొక పచ్చ. యుద్ధారంభమున బ్రిటిషు సైన్యపు బండ్లకు ఆకుపచ్చ వేసిరి; 1942 ప్రాంతమున పచ్చరంగు సరకునకు కఱవు వచ్చి గోధుమరంగు వేసిరి; 1944 నుండి ఆలివు పచ్చ వాడిరి. చెట్టు మొదటిలోని వలయములవలె బండి తన వయస్సును తానే చెప్పుచున్నది. ఇంకను రుద్దగా తెల్లని గీతలు కొన్ని కనబడెను. సైన్యము మోటారు సైకిళ్లకు వేయు అంకెకు ముందుండు “సి” అక్షరమది. తక్కిన అంకెలలో మూడు మాత్రమే స్పష్టముగా నున్నవి.

సంచిలో గుడ్డపీలిక యని మనుమడు పారవేయదలచిన దొకటి యుండెను. అది హాండిలు పిడికి చుట్టిన మందపు కాన్వాసు. కాలు పెట్టు చోట్ల కూడ రబ్బరు లేదు. గరుకైన ఉక్కు రేకులే యున్నవి. మలయా దేశమును, 1942 ఫిబ్రవరిలో సింగపూరును జపానువారు పట్టుకొనగా మిత్రరాజ్యములకు రబ్బరు కరవైనది. ఉన్నదంతయు చక్రములకే చాలలేదు. అందుచేత వార్తాహరుల చేతులకు గుడ్డయు, కాళ్లకు ఇనుమును మిగిలినవి. మనుమడు ఆ పీలికను పొడి చిప్పలో నుంచి నలుబదియేడవ అంకె వేసెను. ఎఱ్ఱరంగు మాట మరల ఎత్తలేదు.

అతడు ఎత్తకుండుటకు వేరొక కారణమును కలదు. 2021 జూలైలో కేంద్ర ప్రభుత్వము ఏబదియేండ్లు దాటిన వాహనములకు ప్రత్యేక నమోదు నియమములను ప్రకటించెను. బండి తన మూలరూపమున నుండవలెను. చట్రమును, ఇంజనును మార్చియుండరాదు. ఈ బండి చట్రముమీదను, ఇంజనుమీదను “డబ్ల్యు.ఎం. 20” అని కొట్టిన ముద్ర, దాని ప్రక్క అంకెలు ఉన్నవి. రంగువేయువారు కొందరు నునుపుకొరకు అట్టి అంకెలను ఆకురాయితో రుద్ది చెరిపివేయుదురు. ఊరుపేరు చెరిపిన జాబు ఎవరికి చేరును? మేస్త్రీ ఆ అంకెలపై మైనము పూసి కాగితము అంటించెను.

ముప్పదినాలుగు దినములకు చట్రము ఒంటరిగా మిగిలెను. కొట్టులో నూరు చిప్పలు చాలక మఱి యిరువది చేర్చిరి. పుస్తకమున ఎనుబది పుటలు నిండెను. ఖాళీయైన గోనె సంచులను ఇంటివారు దులిపి, ఆ వారపు దింపుకాయలకు వాడుకొనిరి. చట్రమున నొకచోట పగులున్నందున దానిని నరసాపురమునకు పంపి అతికింపవలసి వచ్చెను. ఒక తోపుడుబండిపై దానిని కట్టి, మేస్త్రీయు మనుమడును రేవునకు తీసికొని పోయిరి. తాత చేతికఱ్ఱతో వెనుకను నడచెను.

పంటు మీద రుసుము వసూలుచేయువాడు చట్రమును క్రిందుమీదుగా చూచి, “ఇది సామానా అండీ, బండా అండీ?” అని యడిగెను. రెండింటికిని రుసుము వేరు. మేస్త్రీ నవ్వి మనుమనివైపు చూచెను. మనుమడు తాతవైపు చూచెను.

“బండేనండి” అని వృద్ధుడు చెప్పెను.

మనుమడు బండి రుసుమే చెల్లించెను. పంటు కదలెను. పోటువేళ గనుక నీరు ఎగువకు నడచుచుండెను. నరసాపురము చేరుటకు ఆనాడు కొంచెము ఎక్కువ సేపు పట్టెను.